విమానం భయానికి గోలీ: ఎవరికి అక్కరకొస్తుంది, ఎవరికి రాదు

హన్మకొండలో మెడికల్ షాపు కౌంటర్ వెనక నిలబడేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నాకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో మరీ ఎక్కువ. అమెరికాలో బిడ్డ పురుడుకని, కొడుకు గ్రాడ్యుయేషన్‌కని మన దగ్గరి అమ్మానాన్నలు బయల్దేరేది అప్పుడే కదా. "అన్నా, విమానం ఎక్కాలె, ఇప్పట్నుంచే గుండె దడదడ కొట్టుకుంటాంది, ఒక నిద్రగోలి ఇయ్యరాదు" అంటారు. డాక్టర్ చీటీ ఉందా అంటే ఉండదు. చీటీ లేనిదే నేను ఇవ్వను. కానీ లేదని పంపిస్తే ఆ మనిషి భయం ఎక్కడికీ పోదు, పక్కింటాయన వాడగా మిగిలిన స్ట్రిప్‌లోంచి రెండు గోలీలు తెచ్చుకుని జేబులో వేసుకుంటాడు, అది ఇంకా ప్రమాదం. అందుకే ఏ మందు ఏం చేస్తుంది, ఎవరికి పనికొస్తుంది, మందు అసలు అక్కర్లేనివాళ్లు ఎవరు అన్నది నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను. నేను డాక్టర్ను కాను, ఎన్ని మిల్లీగ్రాములు వేసుకోవాలో చెప్పను, అది మిమ్మల్ని చూసిన డాక్టరే చెప్పాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రెండు మూడేళ్లకొకసారి, అదీ తప్పనిసరై ఎక్కే మనిషికి డాక్టర్ రాసిన గోలీ వేసుకోవడంలో తప్పేం లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఉద్యోగం వల్ల నెలనెలా ఎక్కాల్సిన మనిషికి మాత్రం అదే గోలీ నష్టం బేరం. ఎందుకో కింద చెప్తాను.

ముందు మీ భయం దేనికో తేల్చుకోండి. అందరూ "విమానం అంటే భయం" అనే అంటారు గానీ కాస్త కదిలిస్తే లోపల నాలుగు రకాలుంటాయి. కొందరికి విమానం కూలిపోతుందని భయం. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో జరిగినదాన్ని ఫోన్లలో పదే పదే చూసినవాళ్లకు ఇది ఇంకా గట్టిగా పట్టుకుంది, అంతకుముందు హాయిగా తిరిగినవాళ్లు కూడా మా దగ్గరికి వచ్చి అడిగారు. ఇంకొందరికి కూలడం గురించి ఆలోచనే ఉండదు, తలుపు మూశాక ఇక దిగడానికి లేదన్న ఊహే ఊపిరాడనివ్వదు, వీళ్లకు లిఫ్టు అన్నా ఎంఆర్ఐ అన్నా అంతే. మూడో రకం, కడుపులో తిప్పడం, చెవులు దిబ్బడ వేయడం, అది భయం కాదు, శరీరం బాధ. నాలుగో రకం గురించి ఎవరూ మాట్లాడరు: మొదటిసారి ఒంటరిగా పోయే పెద్దవాళ్లు. వాళ్ల టెన్షన్ విమానం గురించి కాదు, దోహాలో దిగితే ఎటు పోవాలి, ఇమిగ్రేషన్‌లో ఇంగ్లీషులో ఏం అడుగుతారు, సంచి తప్పిపోతే ఏం చేయాలి అని. దీనికి ఏ కంపెనీ గోలీ పనిచేయదు. టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చెయిర్ సాయం పెట్టించడం, బిడ్డ ఫోన్ నంబరు, వాళ్లుండే అడ్రస్ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి పాస్‌పోర్టులో పెట్టడం, వీలైతే అదే విమానంలో పోయే మన ఊరి మనిషిని వెతికి జత చేయడం, ఇవి చేస్తే సగం దడ అక్కడే దిగిపోతుంది. నిజానికి ఈ రకం మనిషికి మత్తు గోలీ ఇస్తే అసలు అవసరమైన చోట, అంటే విమానం మారే చోట, బుర్ర పనిచేయకుండా పోతుంది.

ఇప్పుడు మందుల సంగతి.

అందరూ అడిగే "నిద్రగోలి" ఎక్కువగా అల్ప్రాజోలామ్. అదే కుటుంబంలో క్లోనజిపామ్, లోరాజిపామ్, డయాజిపామ్ ఉన్నాయి. అల్ప్రాజోలామ్ స్ట్రిప్ చేతిలోకి తీసుకుని చూడండి, ఎడమ పై మూల ఎర్ర అక్షరాలతో ఎన్ఆర్ఎక్స్ అని ఉంటుంది, కింద గీతల డబ్బాలో చీటీ లేకుండా అమ్మరాదని హెచ్చరిక ఉంటుంది. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, పైగా మత్తుమందుల చట్టం కిందికి కూడా వస్తుంది. అమ్మిన ప్రతిసారీ మేము వేరే రిజిస్టర్లో డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చామన్నది రాసి మూడేళ్లు దాచాలి. కాబట్టి "తెలిసినోళ్లమే కదా" అని మెడికల్ షాపువాణ్ణి బతిమాలకండి.

పనిచేస్తుందా అంటే పనిచేస్తుంది, అందులో అబద్ధం లేదు. వేసుకున్న అరగంట, గంటలో ఒళ్లు వదులవుతుంది, ఒకటి రెండు గంటల్లో పూర్తి బలం చూపిస్తుంది, ఆ కొన్ని గంటలు ఆలోచనలు వస్తాయి గానీ కరవవు. కానీ పని తీరినంత త్వరగా మందు ఒంట్లోంచి పోదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో అల్ప్రాజోలామ్ సగం తగ్గడానికే సుమారు 11 గంటలు పడుతుంది, వయసు మళ్లినవాళ్లలో సుమారు 16 గంటలు. డయాజిపామ్, క్లోనజిపామ్ అయితే ఒక రోజు దాటి ఉంటాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండుంపావు గంటల ప్రయాణం కోసం వేసుకున్నది సాయంత్రం మీటింగులో కూడా మీతోనే కూర్చుంటుంది. అటు అమెరికా లాంటి ఇరవై గంటలు దాటే ప్రయాణానికి ఒక్క గోలీ చాలదు, మధ్యలో ఇంకొకటి వేసుకుంటే మొదటిది పోకముందే రెండోది చేరుతుంది.

దీంతో జరిగే తేడాలు ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. మత్తులో కదలకుండా ఒకే సీట్లో పడి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది, దూరప్రయాణంలో ఇది అసలు సమస్య. కొందరిలో మందు తిరగబడుతుంది, శాంతించాల్సిన మనిషి చిరాకుపడి లేచి గొడవ చేస్తాడు. అత్యవసరంగా దిగాల్సి వస్తే 90 సెకన్లలో అందరూ బయటపడగలగాలన్న లెక్కతో విమానాలకు అనుమతి ఇస్తారు, ఆ 90 సెకన్లలో తూగుతున్న మనిషి తనకూ పక్కవాళ్లకూ అడ్డమే. బ్రిటన్‌లో చాలా ప్రభుత్వ క్లినిక్‌లు విమానం భయానికి డయాజిపామ్ రాసేది లేదని తేల్చి చెప్పేశాయి, కారణాలు దాదాపు ఇవే.

ఇక ఈ మందుకు పడనివి. మద్యం: అస్సలు వద్దు, రెండూ కలిస్తే ఊపిరి నెమ్మదించిపోతుంది. ట్రమడాల్, కొడీన్ ఉన్న దగ్గు సిరప్: అదే కథ. గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు, ఆయాసం ముదిరినవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు డాక్టర్‌కు ఆ మాట చెప్పకుండా ముట్టుకోకూడదు. ఇంకొకటి ఎవరికీ తట్టదు: తామర. మన దగ్గర తామరకు నెలల తరబడి ఇట్రాకోనజోల్ మింగేవాళ్లు ఎంతమందో. అది ఒంట్లో ఉండగా అల్ప్రాజోలామ్ వేస్తే మందు కరగక పేరుకుపోతుంది, ఈ రెండూ కలిపి వాడకూడదు. చర్మం డాక్టర్ చీటీ వేరు, భయం చీటీ వేరు, రెండూ ఒకే డాక్టర్ చూడకపోతే ఈ ముడి ఎవరికీ కనపడదు.

మన ప్రాంతం కాబట్టి కల్లు సంగతి కూడా చెప్పాలి. చెట్టు కల్లు గురించి కాదు, కల్తీ కల్లు గురించి. నిజామాబాద్, మెదక్ వైపు కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేది చాలాసార్లు ఈ అల్ప్రాజోలామే, లేదంటే డయాజిపామ్. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడితే జనం చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకు రావడం అందరం చూశాం. రోజూ అలాంటి కల్లు తాగే మనిషికి తెలియకుండానే ఒళ్లు ఈ మందుకు అలవాటుపడి ఉంటుంది. అతను దుబాయ్ విమానం ఎక్కే ముందు రెండు రోజులు కల్లు మానితే వచ్చే వణుకు, దడ విమానం భయం కాకపోవచ్చు, మానినందుకు వచ్చే బాధ కావచ్చు, అది విమానంలో ఫిట్స్ దాకా పోవచ్చు. ఇంట్లో ఇలాంటివాళ్లుంటే ప్రయాణానికి చాలా ముందే డాక్టర్ దగ్గర ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడి దాచే విషయం కాదిది.

నెలనెలా ఎక్కేవాళ్లకు నష్టం బేరం అన్నాను కదా, దానికి నా దగ్గరున్న గట్టి ఆధారం 1997లో అచ్చయిన ఒక పరిశోధన. విమానం అంటే విపరీతంగా భయపడే 28 మంది ఆడవాళ్లను వారం తేడాతో రెండుసార్లు విమానం ఎక్కించారు. మొదటిసారి సగం మందికి అల్ప్రాజోలామ్, మిగతా సగానికి మందులేని ఉత్త గోలీ ఇచ్చారు, ఎవరిది ఏదో వాళ్లకు తెలియదు. ఆ మొదటి ప్రయాణంలో మందు వేసుకున్నవాళ్లకే భయం తక్కువగా అనిపించింది. (విచిత్రం ఏమిటంటే గుండె మాత్రం వాళ్లకే ఎక్కువ వేగంగా కొట్టుకుంది.) వారం తర్వాత ఏ గోలీ లేకుండా ఎక్కించినప్పుడు లెక్క తిరగబడింది. మొదట మందు వేసుకున్న గుంపులో పానిక్ అటాక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం, దడ) వచ్చినవాళ్లు 7 శాతం నుంచి 71 శాతానికి పెరిగారు, ఉత్త గోలీ వేసుకున్నవాళ్లు వీళ్లకంటే తక్కువ భయంతో కూర్చున్నారు. చిన్న పరిశోధనే, 28 మందితో ప్రపంచాన్నంతా తూకం వేయలేం, కానీ తర్కం సూటిగా ఉంది. భయం తగ్గేది, "భయపడ్డాను, అయినా ఏం కాలేదు" అని ఒంటికి అనుభవంలోకి వస్తేనే. గోలీ ఆ అనుభవాన్ని మధ్యలోనే తినేస్తుంది, క్షేమంగా దిగిన ఘనత అంతా గోలీకి పోతుంది, తర్వాతిసారి గోలీ మర్చిపోతే ఇక గేటు దగ్గరే కాళ్లు వణుకుతాయి.

మందుల్లో రెండో రకం ప్రొప్రనలాల్, మన దగ్గర సిప్లార్ అని అడుగుతారు. ఇది మత్తు ఇవ్వదు. గుండె దడ, చేతుల వణుకు తగ్గిస్తుంది, ఆలోచనల జోలికి పోదు. స్టేజీ ఎక్కి మాట్లాడాల్సినవాళ్లకు, ఇంటర్వ్యూలకు డాక్టర్లు రాస్తుంటారు. "దడ మొదలైతే చాలు, గుండెపోటేమో అనుకుని ఇంకా దడ పెరుగుతుంది" అనే మనిషికి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆ చక్రాన్ని మొదట్లోనే ఆపుతుంది. కూలిపోతుందేమో అని రాత్రంతా ఊహించుకునే మనిషికి మాత్రం గుండె నిదానంగా కొట్టుకుంటూ ఉంటుంది, ఊహలు ఊహల్లాగే ఉంటాయి. తెలివి తెలివిలాగే ఉంటుంది కాబట్టి విమానం మారాల్సినవాళ్లకు, దిగి పనికి పోవాల్సినవాళ్లకు దీని వైపే నేను మొగ్గుతాను, డాక్టర్ సరే అంటే. ఆస్తమా ఉన్నవాళ్లు దీన్ని తాకకూడదు, ఇందులో సర్దుబాటు లేదు. బీపీ తక్కువగా ఉన్నవాళ్లు, నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంట్లు కూడా జాగ్రత్త, షుగర్ పడిపోయినప్పుడు గుండె దడే మనకు ముందు తెలిసే గుర్తు, ఈ మందు దాన్ని కప్పేస్తుంది. ఇప్పటికే బీపీకి అటెనలాల్, మెటోప్రొలాల్ వాడుతున్నవాళ్లు ఇది అదే జాతి మందని తెలుసుకోవాలి, దాని మీద ఇది సొంతంగా వేసుకోకూడదు.

అవిల్, అవోమిన్, సెట్రిజిన్: ఇవి అలర్జీ, వాంతుల మందులు, తూగు వీటి పక్క గుణం. బస్సులో వాంతులయ్యే పిల్లలకు ఇంట్లో అవోమిన్ ఉండటం మనందరికీ అలవాటే. కడుపులో తిప్పేదే మీ బాధ అయితే, మూడో రకం అన్నానే, అది సరిపోతుంది. భయానికని వేసుకుంటే నిద్రా రాదు, మెలకువా ఉండదు, నోరు పిడచకట్టి మబ్బుగా కూర్చోవాల్సి వస్తుంది. అరవై దాటిన మగవాళ్లకు ప్రొస్టేట్ వాపు ఉంటే అవిల్ లాంటివి మూత్రం బిగబట్టేస్తాయి, విమానంలో అది నరకం. జోల్పిడెమ్ అనే అసలైన నిద్రమాత్ర గురించి ఒకే మాట: ఏడెనిమిది గంటలు పడుకునే వీలు లేని చోట దాన్ని వేసుకోకూడదు, కొందరు లేచి నడుస్తారు, మాట్లాడతారు, తర్వాత ఏదీ గుర్తుండదు. మందు పార్టీ సంగతి, అంటే శంషాబాద్‌లో రెండు పెగ్గులేసి ఎక్కడం, ఎక్కేటప్పుడు ధైర్యం, దిగేటప్పుడు తలనొప్పి, మధ్యలో బాత్రూమ్ వరుస. అశ్వగంధ కూడా అడుగుతారు. అది ఆ పూట వేస్తే ఆ పూట పనిచేసేది కాదు, థైరాయిడ్, లివర్ సమస్యలున్నవాళ్లు అడగకుండా వాడొద్దు.

ఇక ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటివి. ఇవి విమానం కోసం వేసుకునేవి కావు. రోజూ వేసుకుంటే రెండు నుంచి ఆరు వారాలకు పనిచేయడం మొదలుపెడతాయి. విమానం ఒక్కటే కాదు, రాత్రి ఫోన్ మోగినా గుండె జారుతుంది, పిల్లలు ఇంటికి ఆలస్యమైనా చెమటలు పడతాయి, మార్కెట్‌కు పోవాలన్నా ఆలోచనే అన్నట్టుంటే మీ సమస్య విమానం కాదు, ఆందోళన జబ్బు. అప్పుడు ఈ దారే సరైంది, ప్రయాణానికి రెండు మూడు నెలల ముందే మానసిక వైద్యుణ్ణి కలవాలి. వరంగల్ ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడిదాకా పోవడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే 14416, టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, డబ్బులు లేవు, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా ఎత్తుతారు.

మందు లేని దారి గురించి చెప్తే అందరూ "ధైర్యం చెప్తున్నాడు" అనుకుంటారు. ధైర్యం కాదు, సమాచారం. భయపడే మనిషికి విమానంలో ప్రతి శబ్దమూ చెడు శకునమే, ఆ శబ్దాలేంటో ముందే తెలిస్తే వాటి పవర్ పోతుంది. ఇండిగో వాళ్లు ఎక్కువగా నడిపే ఏ320 లో, ఇంకా నేల మీద ఉండగానే, కాళ్ల కింద ఎవరో రంపంతో కోస్తున్నట్టు కర్రు కర్రుమని వస్తుంది, అది హైడ్రాలిక్ పంపు. వానాకాలంలో సీట్ల పైనుంచి తెల్లగా పొగలా దిగుతుంది, అది పొగ కాదు, చల్లటి గాలికి తేమ ఆవిరి కట్టడం. నేల విడిచిన కొన్ని సెకన్లకు కింద దబ్బుమంటుంది, చక్రాలు లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆ తర్వాత కాసేపటికి ఇంజిన్ హోరు ఒక్కసారిగా తగ్గి, కడుపులో ఏదో జారినట్టు, విమానం కిందికి పోతున్నట్టు అనిపిస్తుంది. పానిక్ మొదలయ్యేది చాలామందికి సరిగ్గా ఇక్కడే. నిజానికి విమానం అప్పుడు కూడా పైకే పోతోంది, నేల విడవడానికి కావలసినంత బలం ఇక అక్కర్లేదని పైలట్లు ఇంజిన్ జోరు తగ్గిస్తారు, ఆ తేడాను మన చెవి "పడిపోతున్నాం" అని తప్పు చదువుతుంది. టింగ్ టింగ్ మనే గంట ఎక్కువసార్లు సిబ్బంది ఒకరినొకరు పిలుచుకునేది. కుదుపుల సంగతి: మామూలు వాడకంలో ఎదురవుతుందనుకునే అతి పెద్ద బరువుకు ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా రెక్కలు కడతారు, అవి ఊగుతున్నట్టు కనపడటం మంచిదే, ఊగేలాగే చేశారు. కుదుపుల్లో దెబ్బలు తగిలేది ఎక్కువగా బెల్టు లేనివాళ్లకు, కాబట్టి దీపం ఆరినా బెల్టు తీయకండి.

సీటు రెక్కల దగ్గర తీసుకోండి, అక్కడ ఊపు తక్కువ. ఇరుకు భయం ఉన్నవాళ్లకు కిటికీ కన్నా నడవ పక్క సీటు నయం. పగటిపూట నేల వేడెక్కాక గాలి ఎగుడుదిగుడవుతుంది, ఎండాకాలం సాయంత్రం ఉరుములు కూడా, అందుకని పొద్దున విమానం మంచిది. కానీ ఇక్కడ మనకొక తిరకాసుంది. వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి వచ్చింది గానీ అది మొదలై మనదాకా వచ్చేవరకు దిక్కు శంషాబాదే, హన్మకొండ నుంచి నూట అరవై కిలోమీటర్ల పైనే. పొద్దున ఆరు గంటల విమానమంటే అర్ధరాత్రికే ఇంట్లోంచి పడాలి, ఇద్దరు పోవడానికి రెండు బండ్ల నిండా దింపేవాళ్లు, దారిలో టీలు, ఏడుపులు, నిద్ర లేదు. నిద్ర లేని ఒంటికి, అందులో ఖాళీ కడుపు మీద మూడు టీలు పడిన ఒంటికి దడ రావడానికి విమానం కూడా అక్కర్లేదు. వీలుంటే ముందు రాత్రి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకోండి. చాలామందికి గోలీ కన్నా ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

ఒకవేళ పానిక్ వచ్చేసిందనుకోండి. వేళ్లు తిమ్మిరెక్కడం, పెదాల చుట్టూ మొద్దుబారడం గుండెపోటు కాదు, వేగంగా ఊపిరి పీల్చడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం. నాలుగు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి, బయటికి వదిలేదే ఎక్కువసేపు ఉండాలి. మామూలుగా పది నిమిషాల్లో అది శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది, మీరేం చేసినా చేయకపోయినా దిగుతుంది. ఎయిర్ హోస్టెస్‌కు ఎక్కేటప్పుడే "నాకు భయం" అని ఒక మాట చెప్పండి, వాళ్లకు రోజూ కనపడేదే. ఛాతీ నొప్పి ఎడమ చేతికి, దవడకు పాకితే, లేదా గుండె జబ్బున్నవాళ్లయితే మాత్రం అది పానిక్ అని మీకు మీరే తేల్చుకోకండి, వెంటనే చెప్పండి.

తరచూ తిరిగేవాళ్లకు అసలు చికిత్స సైకాలజిస్టు దగ్గర కొన్నిసార్లు కూర్చుని భయం గురించి మాట్లాడుకోవడం, దీన్ని సీబీటీ అంటారు, ఆ తర్వాత భయపడే పనినే చిన్న మోతాదుల్లో చేయడం. వీడియోల్లో టేకాఫ్ చూడటం, ఎవరినో దింపడానికి శంషాబాద్ దాకా పోయి రావడం, తర్వాత గంట పైచిలుకు బెంగళూరు ప్రయాణం, ఆ తర్వాతే దూరం. దీని ఖర్చు గోలీ కన్నా ఎక్కువ, ఓపిక ఇంకా ఎక్కువ, కానీ దీని ఫలితం ఏళ్ల తరబడి నిలుస్తుంది.

రైలు? అదీ ఒక ఎంపికే, దాన్ని పిరికితనం అనకండి. తిరుపతికి రాత్రి పద్మావతి ఎక్కితే పొద్దుటికి అక్కడ ఉంటాం, దానికోసం విమానంతో కుస్తీ ఎందుకు? ఢిల్లీకి కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ దాదాపు ఒక రోజు, సెలవుంటే సరే. దుబాయ్‌కు, డల్లాస్‌కు రైలు లేదు కాబట్టి అక్కడ ఈ మాట చెల్లదు. ఒక్కటే హెచ్చరిక, తప్పించుకున్న ప్రతిసారీ భయం కాస్త బలుస్తుంది, కాబట్టి ముందు ముందు ఎలాగూ ఎక్కాల్సిందే అని తెలిసినవాళ్లు రైలును అలవాటు చేసుకోవద్దు.

మరి ఎవరు ఏది? అరవై రెండేళ్ల అమ్మ, బీపీ, షుగర్ ఉన్నాయి, డల్లాస్ పోవాలి: అల్ప్రాజోలామ్ లాంటివి ఆమెకు ఇప్పించడానికి నేను ఒప్పుకోను. ఆ వయసులో ఈ మందులతో తూలి పడటం, తికమకపడటం ఎక్కువ, పెద్దవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వొద్దని డాక్టర్ల మార్గదర్శకాలే చెప్తాయి. ఆమెకు వీల్‌చెయిర్, నడవ పక్క సీటు, గంట రెండు గంటలకోసారి లేచి నడవడం, బీపీ గోలీలు చేతిసంచిలో. కాజీపేట కుర్రాడు, ఆఫీసు పని మీద నెలనెలా ఢిల్లీ: సైకాలజిస్టు, మొదటి ఒకటి రెండు ప్రయాణాలకు డాక్టర్ ఒప్పుకుంటే ప్రొప్రనలాల్ తోడు, అంతే. ఐదేళ్లలో ఒకే ఒక్కసారి చెల్లె పెళ్లికి సింగపూర్ పోయే ఆరోగ్యవంతురాలు, టికెట్ చూస్తేనే ఏడుపొస్తుంది: డాక్టర్‌ను అడిగి, వేరే మందులు, మద్యం ఏమీ లేకపోతే, తక్కువ డోసు అల్ప్రాజోలామ్ ఒక్కసారికి వేసుకోవచ్చు, ఈ గోలీ వెంట తీసుకుపోవడానికి ఆ దేశపు అనుమతి రూల్ మాత్రం ముందే చూసుకోవాలి.

ఏది వేసుకున్నా మొదటిసారి ఎయిర్‌పోర్టులో వేసుకోవద్దు. డాక్టర్ సరేనంటే ఒక సెలవు రోజు ఇంట్లో, పక్కన మనిషి ఉండగా వేసుకుని చూడాలి, తూగు ఎంత, తికమక ఎంత, ఎంతసేపు అని. తిరుగు ప్రయాణం కూడా లెక్కలోకి తీసుకోండి. గోలీ వేసుకుని శంషాబాద్‌లో దిగి, పార్కింగ్‌లో పెట్టిన కారు తీసి తామే వరంగల్ దాకా నడుపుకుని వచ్చేవాళ్లున్నారు. విమానంలో లేని ప్రమాదం మొత్తం ఆ హైవే మీద ఉంది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు ఇది అన్నిటికన్నా ముఖ్యం. మన దగ్గర చీటీతో దొరికే అల్ప్రాజోలామ్, డయాజిపామ్, ట్రమడాల్, కొడీన్ సిరప్ అక్కడ గట్టి ఆంక్షలున్న మందులు. యూఏఈకి తీసుకుపోవాలంటే ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి, సౌదీకి కూడా అనుమతి పద్ధతి ఉంది. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, మందు అసలు పేరు రాసి ఉండాలి, గోలీలు స్ట్రిప్‌లోనే ఉండాలి, చింపి పొట్లం కట్టుకోవద్దు. పక్కూరి దోస్తు "మా అన్నకు ఇయ్యి" అని ఇచ్చే మందుల పొట్లం అసలే వద్దు, దొరికితే జైలుకు పోయేది మోసుకుపోయినవాడే. ఇంత తతంగం ఒక నాలుగు గంటల ప్రయాణం కోసమా అనిపిస్తే, నన్నడిగితే అదే సరైన జవాబు: గల్ఫ్‌కు పోయే ఆరోగ్యవంతుడైన మనిషి ఈ గోలీ లేకుండా పోవడానికే చూసుకోవాలి, మందు తప్పనిసరి అయితే మత్తు లేని రకమేమన్నా కుదురుతుందా అని డాక్టర్‌ను అడగాలి.

ప్రయాణం అయ్యాక మిగిలిన గోలీలుంటే ఇంట్లో అందరి చేతికందే డబ్బాలో వేయకండి. వచ్చే నెల మీ బావమరిది విమానం ఎక్కుతాడు, "నీ దగ్గర ఏదో ఉందట కదా" అని అడుగుతాడు. అతనికి ఆస్తమా ఉందో, తామరకు మందు వాడుతున్నాడో మీకు తెలియదు. డాక్టర్ దగ్గరికి పొమ్మని చెప్పండి.